పెట్రోల్ ఇంజన్‌కు మూడు దారులు: టయోటా, మాజ్దా, నిస్సాన్‌లలో ఏది మేలు?

ఎలక్ట్రిక్ కార్లు పెరుగుతున్న ఈ కాలంలో కొత్త పెట్రోల్ ఇంజన్లు ఎందుకని అడిగేవారికి జపాన్ కంపెనీల దగ్గర జవాబు ఉంది. టయోటా, సుబారు, మాజ్దా 2024 మేలో ఒకే వేదిక మీదికి వచ్చి, మోటారు, బ్యాటరీలతో కలిసి పనిచేయడానికి అనువైన ఇంజన్లను రూపొందిస్తున్నామని ప్రకటించాయి. నిస్సాన్ అప్పటికే తన దారిలో తాను ఉంది. పెట్రోల్‌ను పొదుపుగా మండించడమే అందరి లక్ష్యమైనా, అందుకు పట్టిన దారులు మాత్రం వేరు.

వీటిలో సాహసమంతా మాజ్దాది. 2019లో అమ్మకానికి వచ్చిన స్కైయాక్టివ్-ఎక్స్ ఇంజన్‌లో గాలి చాలా ఎక్కువగా, పెట్రోల్ చాలా తక్కువగా ఉన్న మిశ్రమాన్ని డీజిల్ ఇంజన్‌లో మాదిరిగా గట్టిగా నొక్కుతారు. స్పార్క్ ప్లగ్ దగ్గర పుట్టిన చిన్న మంట సిలిండర్‌లో ఒత్తిడిని ఇంకాస్త పెంచగానే మిగిలిన మిశ్రమమంతా దాదాపు ఒక్కసారిగా అంటుకుంటుంది. ఆలోచన అద్భుతమే గాని, అదనపు గాలిని పంపే పరికరం, సిలిండర్లలో ఒత్తిడిని కొలిచే సెన్సర్లు కలిసి ఖర్చును పెంచాయి. పైగా గాలి ఎక్కువైన చోట పొగను శుద్ధి చేసే మామూలు త్రీ-వే కెటలిటిక్ కన్వర్టర్ హానికరమైన నైట్రోజన్ ఆక్సైడ్లను సరిగా తొలగించలేదు. 2024 నవంబరులో ప్రకటించిన స్కైయాక్టివ్-జెడ్‌లో మాజ్దాయే, ఆ కన్వర్టర్‌కు సరిపోయే గాలి-పెట్రోల్ నిష్పత్తికి వచ్చింది, దానికి సొంత హైబ్రిడ్ (ఇంజన్‌తో పాటు మోటారు, బ్యాటరీ ఉండే) వ్యవస్థను కూడా జోడిస్తోంది.

నిస్సాన్ ఈ-పవర్ అనే హైబ్రిడ్ పద్ధతిలో ఇంజన్ చక్రాలను తిప్పదు, కరెంటు మాత్రమే పుట్టిస్తుంది. వేగం మారినప్పుడల్లా తానూ మారవలసిన అవసరం లేనందున, దాన్ని తనకు అనువైన స్థితిలోనే నడిపించవచ్చు. ప్రయోగశాలలో 50 శాతం ఉష్ణ సామర్థ్యం (పెట్రోల్ శక్తిలో పనిగా మారే వాటా) అందుకున్నామని 2021లో నిస్సాన్ చెప్పింది, అయితే అందులో వ్యర్థమయ్యే వేడిని తిరిగి వాడుకునే ఏర్పాటు కూడా కలిసి ఉంది. ఊళ్లో ఈ పద్ధతికి తిరుగులేదు. హైవే మీద మాత్రం శక్తిని కరెంటుగా మార్చి, మళ్లీ మోటారుతో తిప్పడంలో కొంత పోతుంది.

టయోటాది మధ్యేమార్గం. దాని హైబ్రిడ్ ఇంజన్లలో మిశ్రమాన్ని సిలిండర్‌లోకి రానిచ్చే ఇన్‌టేక్ వాల్వ్ ఆలస్యంగా మూసుకుంటుంది, పిస్టన్ పైకి వస్తూ కొంత మిశ్రమాన్ని వెనక్కి నెట్టేస్తుంది. దానివల్ల నొక్కే దూరం కన్నా, మండిన వాయువు వ్యాకోచించే దూరం ఎక్కువై, అదే పెట్రోల్ నుంచి ఎక్కువ పని వస్తుంది. తక్కువ వేగంలో కనిపించే బలహీనతను మోటారు కప్పేస్తుంది, హైవే మీద ఇంజన్ బలం గేర్ల ద్వారా చాలావరకు నేరుగా చక్రాలకు చేరుతుంది. 2.5 లీటర్ల ఇంజన్ గరిష్ఠ సామర్థ్యం 41 శాతం. ఇలాంటి అంకెలన్నీ ఇంజన్‌కు బాగా అనువైన ఒక్క స్థితిలోవేనని గుర్తుంచుకోవాలి. మన దగ్గర టయోటా హైరైడర్, మారుతి సుజుకి గ్రాండ్ విటారా హైబ్రిడ్‌లలో ఉన్నది ఈ పద్ధతే. వాటి ధ్రువీకృత మైలేజీ లీటరుకు 27.97 కిలోమీటర్లు.

ఊరు, హైవే రెండూ తిరిగేవారికి టయోటా పద్ధతే మేలని నా అభిప్రాయం. నగరం దాటనివారికి నిస్సాన్ పద్ధతి అంతకన్నా హాయిగా ఉంటుంది. మాజ్దా పాఠాలు రాబోయే ఇంజన్లకు పనికొస్తాయి గాని, ఒంటరి ఇంజన్‌గా అది నెగ్గలేదు. ఏ ఇంజన్‌లో మండించినా లీటరు పెట్రోల్ నుంచి సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడక తప్పదు కనుక, ఇంటి దగ్గర ఛార్జింగ్ సౌకర్యం ఉండి, రోజువారీ ప్రయాణం తక్కువైనవారికి ఎలక్ట్రిక్ కారే చాలు, ఈ మూడింటి మధ్య ఎంపికే అక్కర్లేదు.