బైరాగిపట్టెడలో నాలుగు ఆదివారాల కుట్టు

మగ్గం వర్కు నేర్పేవాళ్లు తిరుపతిలో వీధికొకరు. కాన్వాస్ మీద, అంటే జల్లెడలా రంధ్రాలుండే గట్టి గుడ్డ మీద, ఉబ్బెత్తు కుట్టు నేర్పే చోటు మాత్రం నాకు ఇదొక్కటే దొరికింది. ఒక టీచరమ్మ వాళ్ల మేడ మీద గది. నాలుగు క్లాసులకు 1,200 రూపాయలు.

నేను పోయింది రోడ్స్ కుట్టు కోసం. 6 పోగులు పొడవు, 6 పోగులు వెడల్పు లెక్కపెట్టి ఒక గడి అనుకోవాలి. ఒక అంచు నుంచి ఎదురంచుకు దారం లాగి, పక్క రంధ్రానికి జరిగి, మళ్లీ లాగాలి. అట్లా 12 సార్లు తిరిగితే గడి నిండుతుంది. అన్ని దారాలూ నడిమధ్యలోనే దాటుతాయి కదా, అక్కడ చిన్న గోపురంలా లేస్తుంది. వేలితో తడిమితే భలే ఉంటుంది!

నేనేమో ఒక గడి కుడికి, ఇంకోటి ఎడమకు తిప్పేశాను. లైటు కింద ఒక్కోటి ఒక్కోలా మెరిసింది. "విప్పెయ్ తల్లీ, ఇది దాగేది కాదు" అన్నారామె. 14 గడులు విప్పినా. ఏడుపొక్కటే తక్కువ. మూడో వారం చెయ్యి కుదిరింది.

కిట్టుకు వేరే 450 తీసుకుంటారు, అది నాకు నచ్చలేదు. అందులో వాడిమొన సూది ఇచ్చారు, పోగులను చీల్చేస్తుంది. మొద్దుమొన సూది గాంధీ రోడ్డులో నేనే కొనుక్కున్నా. పైన రేకుల కప్పు, మధ్యాహ్నం బ్యాచీ వద్దు.

కుట్టిన ముక్కతో పిన్నుల దిండు చేశాను. మా అత్తకు నచ్చి తన కుట్టుమిషను మీద పెట్టేసుకుంది.