20 లీటర్ల సోలో మైక్రోవేవ్: కోనసీమ వంటింటికి పనికొస్తుందా?

సోలో అంటే గ్రిల్, బేకింగ్ లేని రకం. వేడి చేసుకోవడానికే అయితే నలుగురున్న ఇంటికి ఇది చాలు. 700 వాట్లని రాసి ఉన్నది తిండికి అందే శక్తి. కరెంటు మాత్రం 1100 వాట్ల దాకా లాగుతుంది. అందుకే ఎర్త్ ఉన్న 16 ఆంప్స్ సాకెట్‌కే పెట్టాలి, ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు. ఓల్టేజీ పడిపోతే వేడెక్కడం ఆలస్యమవుతుంది, మిషన్ పోయిందని కంగారు పడకండి.

చేపల పులుసు బాగానే వేడెక్కుతుంది. చిక్కంతా రొయ్యల ఇగురుతోనే. ఫుల్ పవర్‌లో రొయ్య రబ్బరులా సాగుతుంది, నూనె చిమ్ముతుంది. మూత వదులుగా పెట్టి సగం పవర్‌లో నిమిషం, కలిపి మరో నిమిషం ఉంచండి. ఆ నూనె పడేది లోపల కుడి గోడకున్న మైకా షీటు మీద, అంటే మైక్రోవేవ్ తరంగాలు లోపలికొచ్చే దారికి మూతగా ఉండే పలచటి అట్టలాంటి దాని మీద. జిడ్డు మాడి నల్లబడితే అక్కడే నిప్పురవ్వలు లేస్తాయి. ప్యాకింగ్ అట్టేమోనని దాన్ని పీకేసేవాళ్లూ ఉన్నారు! పీకకూడదు, తడిగుడ్డతో తుడవాలి, కాలితే కొత్తది వేయించాలి.

స్టీలు గిన్నె, బంగారు అంచు కప్పు, ఉడికించిన గుడ్డు లోపల పెట్టొద్దు. నున్నటి గాజు గ్లాసులో నీళ్లు బుడగ రాకుండానే 100 డిగ్రీలు దాటి, కాఫీపొడి పడగానే ఎగజిమ్మవచ్చు. ముందే చెక్క చెంచా వేసి పెట్టండి.

అంతర్వేది వైపు ఉప్పుగాలి ఊళ్లలో మరో జాగ్రత్త: వాడాక తలుపు ఐదు నిమిషాలు తెరిచి ఆవిరి పోనివ్వండి. లోపల పెయింటు లేచి తుప్పు కనిపించినా, తలుపు సరిగ్గా పడకపోయినా వాడకం ఆపి మెకానిక్‌కి చూపించాలి.