క్యాసెట్‌ని ఫైలుగా మార్చే యూఎస్‌బీ డబ్బా: మాటలకు చాలు, పాటలకు చాలదు

చూడ్డానికి పాత వాక్‌మన్‌లా ఉంటుంది. పక్కన హెడ్‌ఫోన్ రంధ్రం, కింద యూఎస్‌బీ తీగ. ఆన్‌లైన్‌లో రకరకాల పేర్లతో అమ్ముతున్నా లోపలి యంత్రం దాదాపు ఒకటే. రెండు వేల రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతుంది. అటక మీద అట్టపెట్టె నిండా క్యాసెట్లున్న ఇళ్లు ఇంకా చాలానే ఉన్నాయి కాబట్టి దీన్ని కొనొచ్చా అన్న ప్రశ్నకు వివరంగానే జవాబు చెప్పాలి.

ముందు ఏ క్యాసెట్లు మార్చాలో తేల్చుకోండి. కంపెనీలు విడుదల చేసిన సినిమా పాటలు, ఘంటసాల భగవద్గీత లాంటివి పక్కన పెట్టేయొచ్చు. అంతకన్నా శుభ్రమైన ప్రతులు ఫోన్లోనే ఉన్నాయి. మళ్లీ ఎక్కడా దొరకనివి వేరే. షాపువాడికి జాబితా రాసిచ్చి ఖాళీ క్యాసెట్‌లో ఎక్కించుకున్న పాటలు, ఎ సైడ్ చివర సగంలో తెగిపోయిన ఆ పాటతో సహా. ఆకాశవాణిలో వచ్చిన సంక్షిప్త శబ్దచిత్రాన్ని (సినిమాని కుదించి వినిపించే కార్యక్రమం) టూ-ఇన్-వన్‌లో, అంటే రేడియో, టేప్ రికార్డరు కలిసిన పెట్టెలో, పట్టుకున్న సైడ్లు. శ్రీరామనవమి పందిట్లో హరికథ. తాతయ్య గొంతు, ఆయన ముందు పిల్లలు అప్పజెప్పిన ఎక్కాలు. ఇవి పోతే పోయినట్టే. ఒక్క అరగంట హరికథ దక్కినా ఈ డబ్బా ఖరీదు గిట్టినట్టే.

ఇక పనితనం. క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నిలకడగా నడవాలి. ఆ నిలకడనిచ్చేది ఫ్లైవీల్ (లోపల తిరిగే చక్రం) బరువు. ఈ డబ్బాల్లో అది చిన్నది, తేలికైనది. అందుకే సన్నాయి మీదో వేణువు మీదో సాగే స్వరం సన్నగా వణుకుతుంది. మాటల్లో ఆ వణుకు చెవికి తెలియదు. హరికథ, నాటకం, ఇంట్లో రికార్డు చేసుకున్న కబుర్లకు ఇది సరిపోతుందనీ, పాటలకు సరిపోదనీ చెప్పడానికి మొదటి కారణం ఇదే.

రెండోది వేగం. చాలా డబ్బాలు కాస్త తొందరగా తిరుగుతాయి. మీ క్యాసెట్‌లో ఉన్న ఏదైనా పాటను ఫోన్లోని ప్రతితో పోల్చండి. 4 నిమిషాల పాట 3 నిమిషాల 55 సెకన్లలో అయిపోతే వేగం సుమారు 2 శాతం ఎక్కువ. రికార్డు చేశాక ఆడాసిటీ అనే ఉచిత సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ‘చేంజ్ స్పీడ్’కి వెళ్లి 0.979 ఇవ్వండి (235ని 240తో భాగిస్తే వచ్చేది). ‘చేంజ్ టెంపో’ జోలికి వెళ్లొద్దు, అది శ్రుతిని సరిచేయదు. ఒక క్యాసెట్‌కి కుదిరిన లెక్క ఇంకోదానికి కుదరకపోవచ్చు, ఎందుకంటే షాపులో ఎక్కించిన డెక్కు (పెద్ద క్యాసెట్ రికార్డరు) వేగం కూడా అందులో కలిసి ఉంటుంది.

మూడోది, ఎక్కువమంది పొరబడేది: శబ్దం దుప్పటి కప్పినట్టు మూగగా రావడం. టేపు పాతదైపోయిందని వదిలేస్తారు. చాలాసార్లు తప్పు టేపుది కాదు, హెడ్ (టేపుకి ఆనుకుని శబ్దాన్ని చదివే భాగం) కోణానిది. రికార్డు చేసిన టూ-ఇన్-వన్ హెడ్ ఏ కోణంలో ఉందో, వినిపించే హెడ్డూ అదే కోణంలో ఉండాలి. హెడ్ పక్కన స్ప్రింగు ఉన్న చిన్న స్క్రూ ఉంటుంది. క్యాసెట్ నడుస్తుండగా సన్నని స్టార్ స్క్రూడ్రైవర్‌తో దాన్ని కొద్దికొద్దిగా తిప్పండి, పావు చుట్టు మించకుండా. ‘స’, ‘శ’ అక్షరాలు పదునుగా వినిపించే చోట ఆపండి. ఈ ఒక్క సర్దుబాటుతో వచ్చే తేడా ఏ సాఫ్ట్‌వేర్ ఫిల్టరూ తేలేదు.

క్యాసెట్‌ని సిద్ధం చేయకుండా డబ్బాలో పెట్టడం పెద్ద పొరపాటు. కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట మీద తెల్లటి పొడి కనిపిస్తే అది బూజు. సముద్రపు తేమ ఉన్న ఊళ్లలో మామూలే. దాన్ని అలాగే నడిపితే బూజు హెడ్‌కి అంటుకుని, మిగతా క్యాసెట్లకూ పాకుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో కొన్ని రోజులుంచి, తర్వాత మెత్తటి పొడిగుడ్డ ఆనించి చుట్టాలి. మామూలు క్యాసెట్‌నైనా ముందు ఈ చివర నుంచి ఆ చివరికి, మళ్లీ వెనక్కి ఒకసారి తిప్పండి. ఏళ్ల తరబడి కదలని చుట్ట బిగుసుకుని ఉంటుంది. డబ్బా మోటారుకి అంత బలం లేదు. మధ్యలో ఆగితే టేపు రోలర్‌కి చుట్టుకుంటుంది. అందుకే చుట్ట రంధ్రంలో పెట్టి చేత్తో తిప్పడానికి మన పాత రెనాల్డ్స్ పెన్నే ఇక్కడ మేలైన పరికరం. సి-120 (రెండు గంటల) క్యాసెట్లు ఈ డబ్బాలో పెట్టనే వద్దు. వాటి టేపు సి-60లో ఉండే టేపుకి సగం మందమే.

క్యాసెట్ అంచు మధ్యలో రాగిరంగు రేకు మీద చిన్న ఫెల్ట్ ముక్క ఉంటుంది. టేపుని హెడ్‌కి అదిమి పెట్టేది అదే. జిగురు ఎండి ఊడిపోతే శబ్దం వస్తూ పోతూ ఉంటుంది. ఐదు స్క్రూలు విప్పి, రెండు చుట్టలనూ వేరే పనికిరాని క్యాసెట్ పెంకులోకి మార్చడం తేలిక. విప్పిన వెంటనే టేపు ఏ రోలర్ మీదుగా వెళ్తోందో ఫోటో తీసుకోండి, రెండు పక్కలా ఉండే పలచటి షీట్లు పారేయకండి.

హెడ్‌ని ప్రతి నాలుగైదు క్యాసెట్లకోసారి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, దూది పుల్లతో తుడవాలి. చేతులకు రాసుకునే శానిటైజర్ వాడొద్దు, అందులోని గ్లిజరిన్ పొరలా మిగిలిపోతుంది. నెయిల్ పాలిష్ రిమూవర్ ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది.

రికార్డింగ్‌లో తెలుసుకోవాల్సింది కొంచెమే. ఆడాసిటీలో స్టీరియో, 44100 హెర్ట్‌జ్ ఎంచుకోండి. విండోస్ ఈ డబ్బాని మైకుగా భావించి ఒక్క ఛానెలే తీసుకుంటుంటే సౌండ్ సెట్టింగ్స్‌లో రెండుకి మార్చండి. మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. గుయ్యిమనే హోరు వస్తే ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి. ఎర్త్ సరిగా లేని సాకెట్ల వల్ల వచ్చే హోరు అప్పుడే పోతుంది. నిమిషానికి సుమారు 10 ఎంబీ చొప్పున గంట క్యాసెట్‌కి 600 ఎంబీ వేవ్ ఫైలు (శబ్దాన్ని కుదించకుండా దాచేది) వస్తుంది. దాచుకునేది అదే కావాలి, ఎంపీ3 బంధువులకు పంపడానికి.

కంప్యూటర్ లేకుండా నేరుగా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే రకం కూడా ఉంది. అది తీసుకోకండి. ఎంపీ3 తప్ప మరో దారి ఉండదు. పైగా నిశ్శబ్దం వచ్చిన చోటల్లా కొత్త ఫైలుగా ముక్కలు చేసే సదుపాయం అందులో ఉంటే, హరిదాసు ఊపిరి పీల్చుకున్నప్పుడల్లా కథ తెగుతుంది.

పాటల క్యాసెట్లు ఎక్కువుంటే ఆ డబ్బుతో పాత డెక్కు వెతకడం మంచిది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంత లాంటి చోట్ల చూడొచ్చు. కొనేముందు ఒక క్యాసెట్ పెట్టి నడిపించుకోండి. మోటారు తిరుగుతున్నా టేపు కదలకపోతే బెల్టు పోయినట్టు. కరిగి తారులా అంటుకున్న పాత బెల్టుని ఆల్కహాల్‌తో తుడిచి, అదే కొలత కొత్తది వేస్తే సరిపోతుంది.

డబ్బాకైనా డెక్కుకైనా, క్యాసెట్ పెట్టేముందు పైఅంచున ఉన్న రెండు ప్లాస్టిక్ పలకలు విరిచేయండి. పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా తాతయ్య గొంతు చెరిగిపోదు.