కొరియన్ ఫర్ చెట్టు: పదేళ్లు దాటిన పెంపకంలో తెలిసిన సంగతులు

అలంకారం కోసం పెంచే సతతహరిత వృక్షాల్లో ఫర్ జాతికి మంచి పేరే ఉన్నా, ఆ జాతిలోని చెట్లన్నీ ఇంటి తోటకు పనికివచ్చేవి కావు. యాభైకి దగ్గరగా ఉన్న ఫర్ రకాల్లో చాలావరకు ముప్పై, నలభై మీటర్ల ఎత్తుకు పెరిగే అడవి మానులే. ఏబీస్ కొరియానా అనే శాస్త్రీయనామం గల కొరియన్ ఫర్ మాత్రం తన సొంత కొండల్లో కూడా సాధారణంగా 10 నుంచి 18 మీటర్లకు మించదు, తోటలో అయితే ఇంకా నిదానంగా పెరుగుతుంది. విత్తనం నుంచి వచ్చిన చెట్టునొకదాన్ని, అంటు కట్టిన చెట్టునొకదాన్ని పదేళ్లకు పైగా పెంచిన మీదట నా అభిప్రాయం ఇది: వేసవి చల్లగా ఉండి, నేలలో నీరు నిలవని చోట ఇంతకంటే అందమైన తోట చెట్టు నాకు తెలియదు, ఆ రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా దీన్ని కొనకపోవడమే మేలు.

ముందుగా గుర్తుపట్టడం గురించి చెప్పాలి. చిన్న కుండీలో ఉన్నప్పుడు ఫర్, స్ప్రూస్, హెమ్లాక్, డగ్లస్ ఫర్ (పేరులో ఫర్ ఉన్నా ఇది ఫర్ జాతిది కాదు) అన్నీ దాదాపు ఒకే పోలికతో కనిపిస్తాయి కాబట్టి కుండీకి కట్టిన చీటీని పూర్తిగా నమ్మడానికి లేదు. ఫర్ అని చీటీ కట్టిన స్ప్రూస్ మొక్కలను నేను స్వయంగా చూశాను. కొనే ముందు ఒక ఆకును పట్టుకుని రెమ్మ నుంచి మెల్లగా లాగి చూస్తే సందేహం చాలావరకు తీరిపోతుంది. ఫర్ ఆకు శుభ్రంగా ఊడివస్తుంది, అది అంటుకుని ఉన్న చోట గుండ్రని నున్నటి మచ్చ మాత్రమే మిగులుతుంది. స్ప్రూస్ ఆకును లాగితే దాంతోపాటు బెరడు పీలిక కూడా లేచివస్తుంది. ఆకులు రాలిపోయిన స్ప్రూస్ రెమ్మ మీద వేలు పెట్టి రాస్తే, ఆకు మొదళ్లు బుడిపెలుగా మిగిలిపోయి ఉంటాయి కాబట్టి, ఆకురాయిలా గరగరలాడుతుంది. చాలా స్ప్రూస్ రకాల ఆకు నాలుగు పలకలుగా ఉండి రెండు వేళ్ల మధ్య దొర్లుతుంది, ఫర్ ఆకు చదునుగా ఉండడం వల్ల దొర్లదు. పైన్ సంగతి ఇంకా సులువు, దాని ఆకులు రెండు, మూడు లేదా ఐదు చొప్పున గుత్తులుగా వస్తాయి.

అది ఫర్ అని తేలాక, కొరియన్ ఫరేనా అని నిర్ధారించుకోవడానికి ఆకును తిరగేసి చూడాలి. పైభాగం ముదురాకుపచ్చగా, పొడవు ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లలోపు, కొన గుచ్చుకోకుండా మొద్దుగా, తరచుగా చిన్న నొక్కుతో ఉంటుంది. అడుగున నడి ఈనెకు ఇరుపక్కలా రెండు వెడల్పాటి తెల్లని పట్టీలు కనిపిస్తాయి. ఆకురంధ్రాలు వరుసలుగా ఉండి, వాటి మీద మైనం పూత పేరుకోవడం వల్ల వచ్చే తెలుపు అది. ఇతర ఫర్ రకాల్లోనూ ఈ పట్టీలు ఉంటాయి గాని, ఇంత వెడల్పుగా, ఇంత తెల్లగా ఉండేవి తక్కువ. గాలి వీచినప్పుడు చెట్టంతా ఒక్కసారి తెల్లబడి మళ్లీ పచ్చబడడం నేను ఎన్నేళ్లుగా చూస్తున్నా విసుగు పుట్టలేదు.

అసలు ఈ చెట్టును జనం కొనేది శంకువుల కోసం, అంటే గింజలను పొలుసుల మధ్య దాచుకునే కాయల్లాంటి వాటి కోసం. మిగతా ఫర్ చెట్లలో చాలావాటికి శంకువులు రావడానికి దశాబ్దాలు పడుతుంది, వచ్చినా చిటారు కొమ్మల్లో, కంటికి అందనంత ఎత్తులో ఉంటాయి. కొరియన్ ఫర్ అయితే మనిషి ఎత్తుకు రాకముందే శంకువులు పెడుతుంది. నా అంటు చెట్టు నడుము ఎత్తులో ఉన్నప్పుడే పెట్టింది. వసంతంలో కొత్త ఆకులు విచ్చుకునే సమయానికి, నిరుటి రెమ్మల పైభాగాన నిటారుగా మొలుస్తాయి. వేసవికి నాలుగు నుంచి ఏడు సెంటీమీటర్ల పొడవుకు చేరి ఊదా నీలం రంగు తిరుగుతాయి, పొలుసుల మధ్య నుంచి పచ్చని రేకుల కొసలు బయటికి వంగి కనిపిస్తాయి, పైన జిగురు చుక్కలు తేలి ఎండిపోయి తెల్లగా మారతాయి. ఆ జిగురు వేలికంటితే సబ్బుతో పోదు, కొద్దిగా వంటనూనె రాసి తుడిస్తే పోతుంది. శరదృతువుకల్లా గోధుమరంగుకు తిరిగి, పొలుసులన్నీ విడిపోయి గింజలతో సహా రాలిపోతాయి, కొమ్మ మీద నడిమి పుల్ల ఒక్కటే నిలిచి ఉంటుంది. అందువల్ల ఫర్ చెట్టు కింద నిండు శంకువును ఏరుకోవడం కుదరదు. నేల మీద నిండుగా పడి ఉన్న శంకువు దొరికిందంటే ఆ చెట్టు ఫర్ కాదు, స్ప్రూసో, పైనో, డగ్లస్ ఫరో, అలాంటి మరొకటో అయి ఉండాలి. వాటిలో డగ్లస్ ఫర్ శంకువును పొలుసుల మధ్య నుంచి పొడుచుకు వచ్చే మూడు మొనల రేకును బట్టి పోల్చుకోవచ్చు. దేవదారు శంకువులు కూడా ఫర్ శంకువుల్లాగే నిటారుగా నిలిచి, చెట్టు మీదే విడిపోతాయి గాని, దేవదారు ముదురు రెమ్మల మీద ఆకులు కుచ్చులుగా ఉంటాయి కాబట్టి తేడా తెలిసిపోతుంది.

గుర్తుపట్టడంలో మరో రెండు పొరపాట్లకు ఆస్కారం ఉంది. ఉష్ణ ప్రాంతాల్లో క్రిస్మస్ చెట్టు పేరుతో కుండీల్లో అమ్మేది సాధారణంగా అరౌకేరియా, అది ఫర్ కుటుంబానికే చెందదు; దానికి వేడి పడుతుంది, కొరియన్ ఫర్‌కు పడదు. రెండోది యూ చెట్టు. దాని ఆకు కూడా చదునుగానే ఉంటుంది, కానీ అడుగున తెల్లని పట్టీలకు బదులు లేతాకుపచ్చ ఉంటుంది, శంకువులకు బదులు మెత్తని ఎర్రని తొడుగులో ఒక్కొక్క గింజ కాస్తుంది. ఆ ఎర్రని తొడుగు తప్ప చెట్టంతా విషమే. ఆయుర్వేదంలో తాళీసపత్రంగా వాడే హిమాలయ ఫర్ ఆకుకు బదులుగా కొన్నిచోట్ల యూ ఆకు చెలామణి అవుతూ ఉంటుంది కాబట్టి, ఈ తేడా తోటమాలికి మాత్రమే కాక మందు వాడేవారికి కూడా అవసరమైనదే.

ఈ చెట్టు ఏం కోరుతుందో అర్థం కావాలంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి. దక్షిణ కొరియాలోని జేజు దీవి మీద ఉన్న హల్లాసన్, ప్రధాన భూభాగంలోని జిరిసన్, డొగ్యుసన్ పర్వతాల ఎగువ వాలులు దీని పుట్టిల్లు. వేయి మీటర్లకు పైన, మంచు కురిసే, మబ్బు కమ్మే, నీరు జారిపోయే రాతి నేలల్లో పెరుగుతుంది. మొక్కల అన్వేషకుడు ఎర్నెస్ట్ హెన్రీ విల్సన్ 1920లో దీన్ని ప్రత్యేక రకంగా వర్ణించాడు. తోటల్లో ఇంత విరివిగా కనిపించే ఈ చెట్టు తన సొంత కొండల మీద మాత్రం ఎండిపోతోంది. చలికాలపు మంచు తగ్గడం, వసంతంలో నేల ఆరిపోవడం, వేడి పెరగడం అందుకు ముఖ్య కారణాలుగా చెబుతారు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని అంతరించే ప్రమాదమున్న వృక్షాల్లో చేర్చింది. సున్నాకు పాతిక డిగ్రీల దిగువ చలిని తట్టుకునే చెట్టు వేడి రాత్రులకు డీలా పడిపోవడం దాని పుట్టిన చోటును బట్టి చూస్తే సహజమే.

నాటే విషయంలో నా సలహా గట్టిది. గుంత వెడల్పుగా ఉండాలి, లోతు మాత్రం వేరు ముద్దకు మించకూడదు, కాండం వేర్లుగా విడిపోయే చోటు నేల మట్టానికి కాస్త పైనే ఉండాలి. బంకమట్టి నేల అయితే గుంత తవ్వడం కంటే మట్టిదిబ్బ పోసి దాని మీద నాటడం మేలు, ఎందుకంటే వేర్ల దగ్గర నీరు నిలిస్తే ఫైటోఫ్తోరా అనే వేరుకుళ్లు పట్టుకుంటుంది, అది పట్టిన ఫర్ చెట్టును బతికించే మందు లేదు. కొద్దిగా ఆమ్లగుణం ఉన్న నేల దీనికి ఇష్టం. సున్నపు నేలలో ఆకులు పసుపు తిరిగి ఎదుగుదల ఆగిపోతుంది. కుండీలో వేర్లు చుట్టలు తిరిగి ఉంటే నాటేటప్పుడే విప్పి పరచాలి, లేదంటే కొన్నేళ్లకు ఆ వేర్లే చెట్టు గొంతు నులుముతాయి. చెట్టు చుట్టూ మూడు నాలుగు అంగుళాల మందాన బెరడు ముక్కలు పరిచి, అవి కాండానికి తగలకుండా చూసుకున్నాను. వేర్లు పైపైనే ఉండే ఈ చెట్టుకు ఎరువుకంటే ఆ చల్లదనమే ఎక్కువ మేలు చేసింది. మొదటి రెండు మూడు వేసవుల్లో వారానికోసారి లోతుగా తడపాలి. ఆ కాలంలో చెట్టు పైకి ఏమీ ఎదగనట్లే ఉంటుంది, కంగారుపడి ఎరువులు కుమ్మరించకూడదు.

విత్తనపు మొక్కకూ అంటు మొక్కకూ తేడా నేను అనుకున్నదానికంటే ఎక్కువే. విత్తనం నుంచి వచ్చింది మొదటి నుంచీ నిటారుగా, చక్కని గోపురాకారంలో పెరిగింది, శంకువులు మాత్రం ఆలస్యంగా వచ్చాయి. అంటు చెట్టు జర్మనీలో రూపుదిద్దుకున్న సిల్బర్‌లోకె రకం. దాని ఆకులు పైకి మెలితిరిగి అడుగు భాగపు తెలుపును బయటికి చూపిస్తాయి. అయితే అంటుకు తీసుకున్నది పక్క కొమ్మ కావడంతో, తాను పక్క కొమ్మనే అన్నట్లు అది చాలాకాలం ఒరిగే పెరిగింది. వెదురు కర్ర పాతి, బలంగా ఉన్న రెమ్మను మెత్తని గుడ్డ పీలికతో నిలబెట్టి కట్టి, ఏటా ఆ కట్టును వదులు చేస్తూ వస్తే గాని దానికి నడి కొమ్మ ఏర్పడలేదు. ఓపిక లేనివారు విత్తనపు మొక్కనే ఎంచుకోవాలి. వేసవి వేడిగా, నేల బరువుగా ఉన్నచోట ఫర్ మీదే మనసుపడితే, జపాన్‌కు చెందిన మోమి ఫర్ వేరు మీద అంటు కట్టిన మొక్కను వెతకాలి, ఆ వేరు తేమనూ వేడినీ చాలా మెరుగ్గా తట్టుకుంటుంది.

లోపాలు లేకపోలేదు. మొగ్గలు విచ్చుకున్నాక ఆలస్యంగా మంచు పడిన ఒక వసంతంలో లేత చిగుళ్లన్నీ రాత్రికి రాత్రే వాలిపోయి గోధుమరంగుకు తిరిగాయి. చెట్టు చావలేదు గాని ఆ ఏడాది ఎదుగుదల పోయినట్టే. ఎండాకాలం మరీ పొడిగా ఉన్నప్పుడు ఎర్రనల్లి వస్తుంది, దానికి మందుకంటే ఆకుల అడుగు భాగం తడిసేలా గట్టిగా నీళ్లు కొట్టడమే బాగా పనిచేసింది. కాండం మీద తెల్లని దూది ముద్దలు కనిపిస్తే అడెల్జిడ్ పురుగు పట్టిందేమో చూసుకోవాలి. శంకువులు విపరీతంగా పెట్టిన ఏడాది కొత్త రెమ్మలు పొట్టిగా వస్తాయి కాబట్టి, చిన్న చెట్టుకైతే లేతగా ఉన్నప్పుడే సగం తుంచేయడం మంచిది. రాలిన గింజలను మొలకెత్తించాలనుకునేవారు వాటిని తడి ఇసుకలో కలిపి నెలరోజులపాటు ఫ్రిజ్‌లో ఉంచి విత్తవచ్చు, కానీ దగ్గరలో వేరే ఫర్ చెట్లు ఉంటే వచ్చే నారు సంకరం కావచ్చు.

కత్తిరింపు దాదాపు అవసరం లేదు, చేసినా చలికాలం చివర, పచ్చని ఆకులూ మొగ్గలూ ఉన్న మేరకే చేయాలి, ఎందుకంటే ఆకులు లేని ముదురు కొమ్మ మళ్లీ చిగురించదు. కింది కొమ్మలకూ ఇదే వర్తిస్తుంది: పక్కన ఇంకో పొద ఎదిగి నీడ కమ్మితే అవి బోడి అయిపోతాయి, తర్వాత ఆ పొదను తీసేసినా ఆ ఖాళీ పూడదు. కాబట్టి నాటే నాడు మొక్క ఎంత చిన్నగా కనిపించినా దాని చుట్టూ ఒకటిన్నర, రెండు మీటర్ల జాగా వదలాలి, ఆ జాగాలో ఏడాది పూల మొక్కలు తప్ప మరేమీ వేయకూడదు.