సెప్టువజింటా, తర్గుమా?

కొత్త నిబంధన రాసినవాళ్లు పాత లేఖనాలను ఎక్కువగా తీసుకున్నది గ్రీకు అనువాదమైన సెప్టువజింట్ నుంచే. హెబ్రీయులకు రాసిన పత్రిక 10:5లోని "శరీరం" అక్కడిదే. ఆ వచనం 40వ కీర్తన నుంచి తీసుకున్నది, దాని హెబ్రీ మూలంలో ఉన్నది చెవులు!

నన్ను ఎక్కువగా కదిలించేది మాత్రం అరామిక్ తర్గుమే. యూదుల సమాజమందిరంలో హెబ్రీ వచనం చదవగానే, జనానికి అర్థమయ్యేలా ఒకరు అరామిక్‌లో చెప్పేవారు, ఆ అనువాదమే తర్గుము. యెషయా 6:10 చివర హెబ్రీలో స్వస్థత మాట ఉంది. సెప్టువజింట్‌లోనూ అంతే, మత్తయి 13:15 దాన్నే పట్టుకుంది. అదే వచనం మార్కు 4:12లో చూడండి, అక్కడ క్షమాపణ. తర్గుములోనూ క్షమాపణే! మన చేతికొచ్చిన తర్గుము తర్వాతి కాలంలో కూర్చినది, కాబట్టి మార్కు దాన్ని చూసి రాశాడనలేం. ఆ మాట మందిరాల్లో అంతకుముందే వినబడేదని నా నమ్మకం.