"ఆరు నెలల కోర్సు" అన్నారంటే ఆగండి: జుట్టు రాలుతోందని మూలికల నూనె కొనబోతున్న అమ్మాయిలకు, వాళ్ల ఇంట్లోవాళ్లకు

ఇన్‌స్టాగ్రామ్‌లో చూసిన మూలికల నూనెకి డబ్బు కట్టబోతున్నారా? పది నిమిషాలు ఆగి ఇది చదవండి. మా చెల్లి విషయంలో జరిగింది ఇంకో ఇంట్లో జరగకూడదని రాస్తున్నాను. ఆ నూనె కొన్నది తను కాదు, నేనే.

చెల్లికి 21 ఏళ్లు. గుంటూరులో హాస్టల్లో ఉండి బీటెక్ చదువుతోంది. కిందటేడు సెప్టెంబరులో డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. తేరుకుని కాలేజీకి వెళ్లిపోయాక గండం గడిచిందనుకున్నాం. డిసెంబరు మొదట్లో ఒక రాత్రి ఫోన్ చేసి, "అక్కా, తల దువ్వుకోవాలంటే భయమేస్తోంది" అంది. ఆ ఆదివారం తెనాలి వచ్చి తలంటు పోసుకున్నాక బాత్రూంలో నీళ్లు కదల్లేదు. జాలీ దగ్గర ఉండలా చుట్టుకున్న జుట్టుని నేనే తీశాను. రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు ఎవరికైనా రాలతాయంటారు, అది అందులోకి వచ్చే లెక్క కాదు.

ఇంట్లో తలా ఒక కారణం చెప్పారు. హాస్టల్లో బోరు నీళ్లని అమ్మ, షాంపూలని పిన్ని, దిష్టి అని నాయనమ్మ. "తలకి చుక్క నూనె రాయదు, రాలక ఏం చేస్తుంది" అని అందరూ కలిసి దాన్నే తప్పుపట్టారు. మూడు నెలల కిందటి జ్వరానికీ ఇప్పుడు రాలుతున్న జుట్టుకీ సంబంధం ఉంటుందని ఒక్కరికీ తట్టలేదు. చెల్లి ఏడుస్తుంటే చూడలేక నేను ఫోన్ పట్టుకుని వెతకడం మొదలుపెట్టాను.

ఆ వీడియోలో మోకాళ్ల దాకా జుట్టున్న ఒకామె పెద్ద కళాయిలో ఆకులు, వేర్లు వేసి కాస్తోంది. 108 మూలికలట, కెమికల్స్ లేవట, సైడ్ ఎఫెక్ట్స్ అసలే లేవట. మెసేజ్ పెడితే రెండు నిమిషాల్లో తెలుగులో జవాబొచ్చింది. పాపిడి ఫొటో పంపమన్నారు. పంపాను. "కుదుళ్లు నిద్రపోతున్నాయి మేడం, లేపాలి. ఆరు నెలల కోర్సు వాడితేనే రిజల్ట్, మధ్యలో మానేస్తే మా బాధ్యత లేదు" అన్నారు. మూడు సీసాలు 2,999, ఆరు సీసాలు 4,999, ఆ ఆఫర్ ఆ ఒక్కరోజే. క్యాష్ ఆన్ డెలివరీ కుదరదన్నారు. యూపీఐలో కడితే డబ్బు వెళ్లింది కంపెనీ పేరు మీదికి కాదు, ఎవరో వ్యక్తి పేరు మీదికి. అది చూసి కూడా నేను ఆగలేదు.

వచ్చింది ఆకుపచ్చ నూనె పోసిన మామూలు ప్లాస్టిక్ సీసాలు, మీద ఒక రంగుల స్టిక్కర్. లైసెన్స్ నంబరు లేదు, బ్యాచ్ నంబరు లేదు, ఎప్పుడు తయారైందో లేదు, ఎక్కడ తయారైందో లేదు. ఒక ఫోన్ నంబరు మాత్రం ఉంది. ఆయుర్వేద మందు సీసా మీద ఇవన్నీ ఉండి తీరాలని నాకు అప్పుడు తెలియదు.

మొదటి నెల జుట్టు ఇంకా ఎక్కువ రాలింది. అడిగితే వాళ్లు చెప్పిన మాట ఇది: "బలహీనమైన జుట్టు ముందు రాలిపోవాలి మేడం, అప్పుడే కొత్తది వస్తుంది. నూనె పనిచేస్తోందనడానికి అదే గుర్తు." దయచేసి ఈ మాటని గుర్తుపెట్టుకోండి. జుట్టు తగ్గినా నూనె పనిచేస్తున్నట్టే, పెరిగినా పనిచేస్తున్నట్టే అయితే అది పనిచేయడం లేదని మనకి ఎప్పటికి తెలుస్తుంది? డాక్టర్లు రాసే మినాక్సిడిల్ అనే మందుతో మొదటి కొన్ని వారాలు జుట్టు రాలడం నిజంగానే ఉంటుంది. ఆ మాటని తెచ్చి వీళ్లు తమ నూనెకి తగిలించుకున్నారు. అందుకే అది విన్న ఎవరికైనా నిజమనిపిస్తుంది.

ఫిబ్రవరిలో దురద మొదలైంది. రాత్రంతా నూనె పెట్టుకుని టోపీ వేసుకుని పడుకోమన్నారు కాబట్టి చెల్లి అలాగే చేసింది. తల వెనకవైపు చీము పొక్కులు వచ్చాయి. ఫొటోలు పంపితే, "ఒంట్లో వేడి బయటికి వస్తోంది మేడం, మానకండి" అన్నారు. దిండు మీద తల ఆనించలేక బోర్లా పడుకునేదట. నాకు ఆ సంగతి చెప్పలేదు. అంత డబ్బు పెట్టి అక్క కొనిచ్చింది కదా అని మార్చి దాకా ఓర్చుకుంది. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

మార్చి చివర్లో బిల్లు, నూనెలో ఏమేం కలిపారో వివరాలు పంపమని అడిగాను. నన్ను బ్లాక్ చేశారు.

ఏప్రిల్లో చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆమె తల చూసి, నాలుగైదు చోట్ల వెంట్రుకలు మెల్లగా లాగి చూసి, నూనె గురించి అడక్కముందే రెండు ప్రశ్నలు వేసింది. "జుట్టు రాలడానికి ముందు మూడు నాలుగు నెలల్లో పెద్ద జ్వరమేమైనా వచ్చిందా అమ్మా?" "నెలసరి ఎన్ని రోజులుంటుంది?" చెల్లి తల దించుకుని ఎనిమిది రోజులంది. రెండేళ్లుగా అలాగే అవుతోందట. ఒకే గదిలో పెరిగినదాన్ని, నేను ఎప్పుడూ అడగలేదు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8.9 ఉంది, ఆడవాళ్లకి 12 కన్నా తగ్గితే రక్తహీనత కిందే లెక్క. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ 7. థైరాయిడ్ మామూలుగానే ఉంది.

డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థమైనట్టు చెప్తాను. మన తల మీద ప్రతి వెంట్రుకా కొన్నేళ్లు పెరుగుతుంది, కొన్ని నెలలు ఎదుగుదల ఆపుకుని ఉంటుంది, ఆ తర్వాత రాలిపోతుంది. మామూలుగా ఇది ఒక్కో వెంట్రుకకి ఒక్కోసారి జరుగుతుంది కాబట్టి మనకి తెలియదు. డెంగీ, టైఫాయిడ్ లాంటి పెద్ద జ్వరం, కాన్పు, ఆపరేషన్, తిండి మానేసి చేసే డైటింగ్, తట్టుకోలేనంత టెన్షన్, ఇలాంటివి వచ్చినప్పుడు చాలా వెంట్రుకలు ఒక్కసారిగా ఎదగడం ఆపేస్తాయి. రాలడం మాత్రం వెంటనే కనపడదు, రెండు మూడు నెలలు పడుతుంది. అందుకే సెప్టెంబరు జ్వరానికి డిసెంబరులో రాలింది. దీన్ని టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. కుదురు చచ్చిపోదు కాబట్టి చాలామందికి ఆరు నెలల్లోపు దానంతట అదే తగ్గుతుంది. చెల్లికి ఐరన్ లేక అది తగ్గకుండా సాగింది, పైన నూనె వల్ల కుదుళ్లకి ఇన్ఫెక్షన్ తోడైంది.

"దానంతట అదే ఆరు నెలల్లో తగ్గుతుంది" అన్న మాట విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఆ పేజీలో వందల రివ్యూలు చదివే కదా నేను కొన్నాను. "ఐదో నెలకి రాలడం ఆగింది అక్కా", "ఆరో నెలలో బేబీ హెయిర్ వచ్చింది". వాటిలో డబ్బిచ్చి రాయించినవి కొన్ని ఉంటే ఉండొచ్చు, కానీ చాలావరకు నిజంగా తగ్గినవాళ్లు నమ్మకంతో రాసినవే అని ఇప్పుడు నాకు అనిపిస్తోంది. కాన్పు తర్వాతో, జ్వరం తర్వాతో రాలుతున్న జుట్టు ఆ టైముకి ఎలాగూ ఆగుతుంది. నూనె రాసినా ఆగుతుంది, రాయకపోయినా ఆగుతుంది. కోర్సు ఆరు నెలలని పెట్టేది అందుకే. తగ్గినవాళ్లు రివ్యూ రాస్తారు, తగ్గనివాళ్లు మా చెల్లిలా లోపల ఇంకేదో జబ్బు పెట్టుకుని నెలలు పోగొట్టుకుంటారు. నాకు పోయిన 4,999 కన్నా ఆ నాలుగు నెలలే ఎక్కువ బాధ. ఆ నాలుగు నెలలూ పిల్ల 8.9 రక్తంతో మెట్లెక్కితే ఆయాసపడుతూ పరీక్షలు రాసింది.

మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అంటే జుట్టు రాలుతోందనే అమ్మాయి మీ ఇంట్లో ఉంటే ముందు చేయించాల్సింది రక్తపరీక్షే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ ఉచితంగానే చూస్తారు. ఫెర్రిటిన్, థైరాయిడ్ బయట చేయించాల్సి వచ్చినా ఆ నూనె డబ్బు కన్నా తక్కువలోనే అయిపోతాయి. చర్మ డాక్టరు ఫీజు భారమనుకుంటే గుంటూరు జీజీహెచ్ లాంటి పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో చర్మ విభాగం ఉంటుంది. జ్వరం ఏదీ లేకుండా పాపిడి వెడల్పవుతున్నా, నెలసరి తప్పుతూ గడ్డం మీద వెంట్రుకలు వస్తున్నా, రూపాయి బిళ్లంత గుండ్రంగా జుట్టు ఊడిపోయినా అవి వేరే కారణాలు, వేరే వైద్యం. వీటన్నిటికీ ఒకే సీసా అమ్ముతున్నారంటే వాళ్లకి మన జబ్బు అక్కర్లేదని అర్థం.

నేను ఇంటి వైద్యానికి వ్యతిరేకిని కాదు. నాయనమ్మ కాచే గుంటగలగరాకు నూనె మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. కొబ్బరినూనె వెంట్రుకలోని ప్రొటీన్ పోకుండా కొంత కాపాడుతుంది, చిక్కులు తీసేటప్పుడు తెగిపోవడం తగ్గుతుంది. మెంతులు, మందారాకు పెడితే జుట్టు మెత్తబడుతుంది. ఆ మేరకు మంచివే. కానీ రక్తంలో లేని ఐరన్‌ని తల మీద రాసి ఎక్కించలేం. చుండ్రు ఎక్కువగా ఉన్నవాళ్లకి నూనె పెట్టేకొద్దీ చుండ్రు పెరుగుతుంది, అది కూడా తెలుసుకోండి. ఇక రోజ్‌మేరీ నూనె మీద రీసెర్చ్ ఉందంటూ అమ్మేవాళ్లు చూపించేది 2015 నాటి ఒక చిన్న పరిశోధన. బట్టతల మొదలైన వాళ్ల మీద ఆరు నెలలు చేశారు. డెంగీ తర్వాత జుట్టు రాలే అమ్మాయికి దాంతో పని లేదు.

నూనెతో పాటు బయోటిన్ అనే విటమిన్ గమ్మీలు కూడా అంటగడతారు. బయోటిన్ ఎక్కువ మోతాదులో తింటే కొన్ని ల్యాబ్ పరీక్షల రిపోర్టు తప్పుగా రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. థైరాయిడ్ పరీక్షకీ ఈ ఇబ్బంది ఉంది. తింటున్నవాళ్లు పరీక్షకి ముందు డాక్టరుకి చెప్పండి. సెలీనియం, విటమిన్ ఎ మోతాదు మించితే వాటివల్లే జుట్టు ఊడుతుంది.

మన చట్టం ఏమంటుందో కూడా తర్వాతే తెలుసుకున్నాను. 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ జె అని ఒక జాబితా ఉంది. అందులో ఉన్నవాటిని నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడదు. బట్టతల ఆ జాబితాలో ఉంది, కొత్త జుట్టు మొలిపించడమూ ఉంది. అయినా ఇలా చెప్పుకునేవాళ్ల దగ్గరికి జనం వెళ్తూనే ఉన్నారు. 2025 మార్చిలో పంజాబ్‌లోని సంగ్రూర్‌లో బట్టతల క్యాంపులో నూనె రాయించుకుని పదుల మంది కళ్లు మండుతూ ఆసుపత్రికి పరుగెత్తారు. ఆశ అలాంటిది, వాళ్లని నేను ఒక్క మాట కూడా అనలేను.

ఇప్పటికే డబ్బు కట్టి మోసపోయినవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఆన్‌లైన్‌లో డబ్బు లాగేసి మాయమైపోతే సైబర్ క్రైమ్ నంబరు 1930, అది ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. నేను నాలుగు నెలలు ఆలస్యం చేశాను, నా డబ్బు రాలేదు. పెద్ద షాపింగ్ యాప్‌లో కొని ఉంటే 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. వాట్సాప్‌లో ఎవరి పేరు మీదికో పంపిన డబ్బుకి ఆ దిక్కు కూడా ఉండదు. వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి 5 లక్షల లోపు కొనుగోళ్లకి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి.

చెల్లికి పొక్కులు రెండు వారాల్లో తగ్గాయి. ఐరన్ మాత్ర నిమ్మరసంతో వేసుకుంటోంది, దానికి ముందూ వెనకా టీ, కాఫీ మానేసింది. నెలసరికి గైనకాలజిస్టు మందు రాసింది. జూలైలో హిమోగ్లోబిన్ 11.8. జుట్టు నెలకి ఒక సెంటీమీటరు దాకానే పెరుగుతుంది కాబట్టి జడ పాత లావుకి రావడానికి ఏడాదికి పైనే పడుతుందట. నుదుటి మీద చిన్న వెంట్రుకలు లేచి నిలబడుతున్నాయి, అద్దంలో చూసుకుని అమ్మకి చూపిస్తోంది.

మిగిలిన రెండు సీసాలు నేను పారేయలేదు. స్టిక్కర్ ఫొటోలు, యూపీఐ రసీదు, వాళ్లు డిలీట్ చేయకముందు తీసిన స్క్రీన్‌షాట్లు కలిపి కమిషన్‌కి కాగితాలు సిద్ధం చేస్తున్నాను. మీ ఇంట్లో కూడా ఇలాంటి సీసా ఉంటే తలకి పెట్టడం ఈ రోజే ఆపేయండి, సీసా మాత్రం పారేయకండి. ఫిర్యాదుకి అదే సాక్ష్యం.