ఆ యుటిలిటీల ప్యాక్ కొనకండి, కొని ఏడుస్తున్నాను

పొద్దున్నుంచి అన్నం కూడా సహించలేదు, అందుకే కోపంగానే రాస్తున్నా. ఆ యాడ్ మీరూ చూసే ఉంటారు, ఎర్ర మీటరు గిర్రున తిరిగి "మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది" అంటుందే, అదే. పేరు రాస్తే మళ్ళీ గొడవ. ఏ ప్రోగ్రాములు నడుస్తున్నాయో చూపించే టాస్క్ మేనేజర్, చెత్త ఫైళ్ళు తీసే డిస్క్ క్లీనప్, డిస్క్ సర్దే డీఫ్రాగ్, అన్‌ఇన్‌స్టాలర్... విండోస్‌లో ఉన్న ఇలాంటి పనిముట్లని పక్కకి నెట్టి వాటి చోట వాళ్ళవి పెడతారట. ఏడాదికి 1,499. ఎవరూ బలవంతపెట్టలేదు, ఓటీపీ నా చేత్తో నేనే కొట్టాను.

ఇంట్లోనే డీటీపీ చేస్తాను. శుభలేఖలు, ఫ్లెక్సీలు, బళ్ళ ప్రశ్నపత్రాలు. 4 జీబీ ర్యామ్ పాత సిస్టమ్, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ తెరుచుకునేలోపు టీ పెట్టుకుని రావొచ్చు. స్పీడ్ అనగానే ఆశపడ్డాను. మొదటిరోజు భలే అనిపించింది, అబద్ధమెందుకు. నల్లటి స్క్రీను మీద పచ్చటి గ్రాఫులు, విమానం నడుపుతున్నట్టుంది. స్కాన్ చేస్తే 1,847 సమస్యలు! "ఫిక్స్ ఆల్" నొక్కితే అర నిమిషంలో సున్నా. అర నిమిషంలో పోయేవి సమస్యలెలా అవుతాయని ఆలోచించాలి కదా. ఆలోచిస్తే నేనెందుకవుతాను!

తెల్లారి శుభలేఖ ఫైలు తెరిచాను. "చి.ల.సౌ." ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో డాలర్ గుర్తు. పెళ్ళికూతురి పేరంతా చెత్త. ఈ పనిలో ఉన్నవాళ్ళకి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. మేం వాడే అను తెలుగు ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే ఫైల్లో ఉండేవి ఇంగ్లీషు అక్షరాలే, వాటికి తెలుగు రూపు తొడిగేది ఫాంటు. ఆ ఫాంటు దొరక్కపోతే కిందున్న ఇంగ్లీషు బయటపడుతుంది. విండోస్ తన సెట్టింగులన్నీ రాసుకునే చిట్టా, రిజిస్ట్రీలో ఫాంట్ల ఎంట్రీలని పనికిరానివని ఊడ్చిపారేసింది ఆ మహాతల్లి.

విసుగొచ్చి దాన్ని తీసేశాను. ఇక కంట్రోల్ షిఫ్ట్ ఎస్కేప్ నొక్కితే టాస్క్ మేనేజరే రాదు, ఫైలు దొరకలేదంటుంది. విండోస్ దాన్ని పిలిస్తే వీళ్ళది పలికేలా రిజిస్ట్రీలో దారి మళ్ళించి పెట్టారు, పోతూ పోతూ అది తీయలేదు. ఇల్లు ఖాళీ చేసినవాడు తాళంచెవి పట్టుకుపోయినట్టు.

సపోర్టుకి ఫోన్ చేశాను. అసలు మంట ఇక్కడే. నలభై నిమిషాలు పాట వినిపించాక ఒకబ్బాయి రిమోట్‌లోకి, అంటే అక్కణ్ణుంచే నా స్క్రీను మీదకి వచ్చాడు. ఫాంట్లు బాబూ, ఫాంట్లు అని మొత్తుకుంటుంటే వినడే! విండోస్ తన తప్పొప్పులు రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, ఎర్ర గుర్తుల మీద మౌస్ తిప్పుతూ, "చూశారా మేడమ్, మీ సిస్టమ్ ఆల్రెడీ పోయింది, 3,999 ప్లాన్ తీసుకోండి, మొత్తం క్లీన్ చేసిస్తాం" అన్నాడు. ముందు నా డబ్బులివ్వండి, ముప్పై రోజుల గ్యారంటీ అన్నారుగా అంటే, "కీ యాక్టివేట్ చేశాక గ్యారంటీ ఉండదు. కింద రాసుంది, చదువుకోలేదా?" అన్నాడు.

చదువుకోలేదా! ఊళ్ళో సగం మంది అచ్చుతప్పులు దిద్దే నన్ను పట్టుకుని! నేను మాట వెతుక్కునేలోపు పెట్టేశాడు. వెతికి చూస్తే నిజంగానే రాసుంది లెండి, చీమ తలకాయంత అక్షరాల్లో.

రాత్రి మా మరిదికి చెబితే నవ్వాడు. ఆ ఎర్ర గుర్తులు బాగా నడిచే సిస్టమ్‌లోనూ ఉంటాయిట. అప్పుడే ఫార్మాట్ కొట్టిన లాప్‌టాప్‌లో అదే ప్యాక్ ట్రయల్ వేసి చూపించాడు. 1,126 సమస్యలు! అందులో ఒక్క ఫైలు కూడా లేదింకా, సమస్యలు మాత్రం రెడీ. రిజిస్ట్రీలో ఆ దారి మళ్ళించిన ఎంట్రీ ఒక్కటి తీసేసరికి నా టాస్క్ మేనేజర్ తిరిగొచ్చింది. రెండు నిమిషాల పని.

డిస్క్ నిండితే సెట్టింగ్స్‌లో స్టోరేజ్ చాలు. టాస్క్ మేనేజర్ చాలదనుకుంటే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ ఉంది, మార్క్ రస్సినోవిచ్ చేసింది, 2006 నుంచి మైక్రోసాఫ్ట్ చేతిలోనే ఉంది, ఉచితం. కావాలంటే అదీ టాస్క్ మేనేజర్ కుర్చీలో కూర్చుంటుంది గానీ లేవమంటే లేస్తుంది. ఇప్పటికే కట్టేసినవాళ్ళు ముందు కార్డులో ఆటో రెన్యువల్ ఆపేయండి, వచ్చే ఏడాదికి 2,999 అని నేను ఆపేటప్పుడు చూశాను. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కంప్లైంట్ ఇచ్చాను, చూడాలి.

పెళ్ళివాళ్ళు మళ్ళీ ఫోన్ చేస్తున్నారు. సాయంత్రానికి రెండొందల కార్డులు. అను మళ్ళీ ఎక్కించాను గానీ పేర్లకి వాడిన ఆ వంకీల ఫాంటు సీడీ ఎక్కడా కనబడటం లేదు. పెళ్ళికూతురి పేరు మామూలు అక్షరాల్లోనే పోతుంది, వాళ్ళకేం చెప్పాలో ఏమిటో.